మధ్య స్తంభం

కాదురా, ఆ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చింది? గునపం కావాలట, గునపం! సైకిళ్ళ దారి మొదట్లో ఆ ఇనప స్తంభాలు పాతించడానికి లారీల ముందు పడుకున్నదాన్ని, మీ అక్కని నేను. వాటిని పెకలించడానికి నన్నే గునపం ఇమ్మంటావా?

ఇవ్వను. కూర్చో. ఆ నీళ్ళ తొట్టి పక్కకి జరిపి స్టూలు మీద కూర్చో. ఈ పంక్చరు అతికించేదాకా నేను లేవను. చేతులు నలుపుకోకు. చిన్నప్పుడు నాన్న అద్దం పగలగొట్టి వచ్చినప్పుడూ ఇలాగే నలుపుకున్నావు.

ఏమిటీ? తాళం వచ్చింది గానీ స్తంభం పైకి రావట్లేదా? అయ్యో పాపం! ఎందుకు రావట్లేదో మరి. తుప్పు పట్టిందేమో. అలిగిందేమో.

అసలు తాళంచెవి నీకెందుకిచ్చార్రా? లోపల ఎవరైనా పడిపోతే మధ్య స్తంభం ఎత్తి అంబులెన్సుకి దారివ్వమని. ఎప్పుడైనా కంకర తొక్కే రోలరు వస్తే ఎత్తమని. అంతేగా? ఇంక దేనికీ ఎత్తకూడదని చెప్పే కదా ఆ కాపలా చొక్కా ఇచ్చారు, జేబు మీద బొమ్మ కుట్టి? ఆ చొక్కా వేసుకున్న రోజు నువ్వు వీధంతా తిరిగావు, పెళ్ళికొడుకులా.

అబద్ధం ఆడకు. నీ మొహానికి అబద్ధం నప్పదు. ఆ దారిలో రోజూ కంకర సర్దేది నేను. సైకిలు చక్రం కంకర మీద గీత గీసి పోతుంది. లారీ అలా కాదు, కంకరని మట్టిలోకి తొక్కేస్తుంది. జంట టైర్ల అచ్చులు, ఇంతింత వెడల్పు. పైన ఆకులు చల్లితే కనపడవనుకున్నావా? ఎండాకులు ఎక్కడైనా వరసగా రాలతాయిట్రా, ముగ్గేసినట్టు?

నీ ఇంటి మీద కొత్త గది లేచినప్పుడే అడిగాను, ఇసుక ఎక్కడిదని. స్నేహితుడు పంపాడన్నావు. ఎవడ్రా ఆ స్నేహితుడు? ఏటిని తవ్వి లారీకెత్తుకునే స్నేహితుడా?

పిల్ల కోసమా? అవును, పిల్ల కోసమే. నా మేనకోడలు కిటికీ ఉన్న గదిలో పడుకోవాలని నాకు మాత్రం లేదా?

విను. ఈ దారి ఒకప్పుడు ఏమిటో నీకు నేను చెప్పాలా? క్వారీ రోడ్డు. మీ బావని లారీ ఈడ్చుకుపోయిన రోడ్డు. చెప్పులు ఒకచోట, మనిషి ఇంకోచోట. అన్నం క్యారేజీ మాత్రం మూత కూడా ఊడలేదు. ఇంటికి తెచ్చి విప్పితే ఇంకా వేడిగా ఉంది. అది నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెప్తున్నానో నాకే తెలీదు.

ఆ తర్వాతే కదా మేం ఆడవాళ్ళం రోడ్డు మీద కూర్చుంది. పోలీసులు జుట్టు పట్టుకుని లాగి జైల్లో పడేశారు. నువ్వు చెట్టు చాటున నిలబడి ఏడ్చావు. నేను చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? పోనీలే, వాడికి ఏడుపైనా వచ్చిందిలే అనుకున్నాను.

క్వారీ మూసేదాకా కూర్చున్నాం. ఆ తర్వాత తారు పెళ్ళగించి సన్న కంకర పరిచారు. అటూ ఇటూ అడవి మళ్ళీ దగ్గరికొచ్చింది. ఏటి పక్కనే పోతే నీళ్ళ చప్పుడు, చక్రాల కింద కంకర చప్పుడు, అంతే. ఒక్క హారన్ లేదు. మన చెవిటి దర్జీ లేడూ? అతను పుట్టి బుద్ధెరిగాక రోడ్డు మీద భయం లేకుండా సైకిలు తొక్కింది ఇక్కడే. మొదటిరోజు వెనక్కి తిరిగి తిరిగి చూస్తుంటే మెడ పట్టుకుని ముందుకు తిప్పాను నేను. ఇక్కడ వెనక్కి చూడక్కర్లేదయ్యా అని సైగ చేశాను. అందరికీ అదే చెప్పాను. పిల్లలకి, ముసలివాళ్ళకి, నీ కూతురికి కూడా.

ఇప్పుడా దారిలో ఎవడూ వెనక్కి చూడడు. తెలుసా నీకు? దారి మధ్యలో, చెవుల్లో పాటలు పెట్టుకుని, చేతులొదిలేసి పోతారు.

మొన్న దర్జీ వచ్చాడు. హ్యాండిలు పక్కకి వంగిపోయి ఉంది, రబ్బరు పిడి సగం చీరుకుపోయింది. ఏమైందని అడిగితే చేత్తో ఇలా, ఇలా చూపించాడు. పెద్దగాలి వచ్చి తోసిందట! చెట్టు మీద ఆకు కూడా కదల్లేదురా ఆ రోజు. అతను నవ్వుతున్నాడు, గాలికి పడిపోయానని. నేను ఆ పిడి చేతిలో పట్టుకుని నవ్వలేకపోయాను.

ఆ గాలికి జంట టైర్లున్నాయని అతనికెలా చెప్పను? నా తమ్ముడే తలుపు తీసి ఆ గాలిని లోపలికి పంపాడని ఏ సైగతో చెప్పను?

ఏమిటీ? డ్రైవరు జాగ్రత్తగానే నడుపుతాడా? లైట్లు ఆర్పుకుని, హారను కొట్టకుండా నడిపేవాడు జాగ్రత్త మనిషేరా! ఎవరికి జాగ్రత్త? వాడికి.

వాళ్ళు మంచివాళ్ళు కాదా? ఓహో. ఇప్పుడు తెలిసిందా. బెదిరించారా నిన్ను? ఏమని? ...పిల్ల ఏ వేళకి ఏ దారిన వస్తుందో మాకు తెలుసన్నారా.

ఛ. ఆ మాట నాకు ముందే చెప్పాల్సింది కదరా. నేను చచ్చానా?

సరే. ఇంక భయపడకు. నేను చూసుకున్నాను. ఆ స్తంభం రాదు. ఎందుకు రాదో చెప్తాను విను, నవ్వొస్తుంది నీకు. మధ్యాహ్నం నువ్వు భోజనానికి పోయినప్పుడు సిమెంటు కలిపి స్తంభం దిగే గొట్టంలోకి పోసేశాను. అంచులదాకా. పైన కాస్త మట్టి చల్లాను, నీ ఆకుల్లాగే. ఇప్పటికి రాయైపోయి ఉంటుంది. నువ్వు తాళం తీస్తే ఎంత, తియ్యకపోతే ఎంత? రేపు పెద్దాఫీసుకి నేనే పోయి చెప్తాను, పోసింది నేనేనని. అంబులెన్సుకి ఇంకో దారి చూసుకోమని. జైల్లో పెడితే పెట్టనీ, నాకు కొత్తా ఏమిటి!

ఆ గుర్రుమనే చప్పుడు వాడిదేగా? వినపడుతూనే ఉంది ఇందాకట్నించీ. ఉండనీ. లోపలికి పోలేక బయటే నిలబడి డీజిలు తగలేసుకోనీ. వాడే విసుగొచ్చి పోతాడు.

ఏమిట్రా? అలా చూస్తావేం?

మళ్ళీ చెప్పు.

బయట లేదా?

లోపలుందా? పొద్దున్నే పోయిందా? లోడు నింపుకుని బయటికొస్తూ ఆగిందా?

కాదు. కాదు కాదు. నేను చూశాను. లోపలికి పోయిన అచ్చులు చూశాను, కళ్ళారా. నిన్నటివనుకున్నాను. అప్పుడు కోపంతో ఒళ్ళు మండిపోతోందిరా. వెళ్ళిన అచ్చులు చూశానే గానీ తిరిగొచ్చినవి ఉన్నాయా అని చూడలేదు. ఇన్నేళ్ళు ఆ కంకర సర్దిన దాన్ని. వంగి ఒక్కసారి చూస్తే తెలిసేది. చూడలేదు. తాపీ పట్టుకుని కూర్చున్నాను, పాట కూడా పాడుకున్నాను.

గునపంతో రాదు. చెప్తున్నాగా, దేంతోనూ రాదు. పక్కన సందు కూడా లేదు, బండరాళ్ళు నేనే పెట్టించాను.

వాడేమన్నాడు నీతో? సరిగ్గా చెప్పు. నువ్వు గునపం తేకపోతే? ...క్వారీ లారీలు తూచిన పాత కాటా ఉన్నచోట బండి తిప్పుకుని అవతలి చివరికి పోతానన్నాడా. అక్కడుంది చెక్క గేటేగా, గుద్దుకుని పోతానన్నాడా.

వేళెంతయింది? చీకటి పడిపోయిందే. పిల్ల పనిచేసే ఫ్యాక్టరీ వదిలేశారా? అది సైకిలు మీద అటునించే కదా వస్తుంది?

ఫోను చెయ్యి. మళ్ళీ చెయ్యి. మోగుతోందా? అది ఫోను సంచిలో పడేస్తుందిరా, వైర్లు మాత్రం చెవుల్లో. ఎన్నిసార్లు తిట్టాను!

వంపు దగ్గర దారి ఎంతుంటుంది? ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు. లారీ వస్తే సైకిలు పట్టే చోటేదీ?

ష్. ఆగు. ఏడవకు, ఆగు.

చప్పుడు ఆగిందా?

లేదు. ఆగలేదు. దూరం పోతోంది.

లే. ఆ ఎర్ర సైకిలు తీసుకో, దానికి గాలుంది. నేను దీనిమీద వస్తాను, గాలి ఎంతుంటే అంతే. నా వయసు సంగతి తర్వాత. నీ కాళ్ళలో బలం ఉంది, నువ్వు ముందు పో. అరుస్తూ పో. లారీని దాటగలిగితే దాటు. దాటలేకపోతే... ఏమో, నాకు తెలీదు.

అప్పట్లో నేను పడుకుంటే లారీలు ఆగాయిరా. ఆ డ్రైవర్లకి మేం కనపడేవాళ్ళం. ఈ డ్రైవరుకి లైట్లే లేవు.

తలుపు తీసింది నువ్వు. మూసింది నేను. ఎవరి పాపం ఎంతో తర్వాత పంచుకుందాం, పంచుకోవడానికి మిగిలితే. తొక్కరా. తొక్కు!