మంగళవారం నాటి ఎదురుగాలి

(2008 ఆగస్టు. పలాస స్టేషను రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్. దాన్ని నడిపేది ఫణీంద్ర. వచ్చినావిడ గంగమ్మ, వజ్రపుకొత్తూరు అవతల సముద్రపొడ్డు పల్లె. ఆమె భర్త పోలయ్య కిడ్నీల జబ్బుతో పోయి నెలైంది.)

"అది కాదు బాబూ నానడిగింది. పోయే ముందు మంగళారం మా ఆయన ఇక్కడికొచ్చినాడా, లేదా?"

"ముందు కూర్చో అత్తా. ఫ్యాను కింద కూర్చో."

"కూకోడానికి రాలేదు. విశాఖ ఆసుపత్రికి ఫోను సేయించినాను. రక్తం కడిగించుకోడానికి ఆ మంగళారం రానేలేదన్నారు. నాకేమో ఎల్లొచ్చినానన్నాడు. ఆళ్లే సరిగ్గా సెయ్యలేదని నెల్లాళ్లు ఆళ్లని తిట్టుకున్నాను. సొక్కా జేబులో సూత్తే మీ సెంటరు కార్డుంది."

"వచ్చీవాడు. బస్సు దిగి, రైలు టైము దాకా ఇక్కడే ఉండీవాడు."

"ఏటి సేసీవోడు? సదవడం రాదు ఆయనకి."

"ఓడలాట. కంప్యూటర్లో. ఈ రేవులో సరుకెత్తి ఆ రేవుకి చేర్చాలి. ఎక్కడెక్కడి వాళ్లో ఒకే సముద్రం మీద ఆడతారు."

"పడవాట!"

"తెరచాప ఓడలు అత్తా. మొదటిసారి వానకి లోపలికొచ్చాడు. నా ఓడ కదలట్లేదు. వెనకాల నిలబడి, ఆ మూల బాణమేటిరా అన్నాడు. గాలి ఎటు వీస్తందో చూపిస్తాది మావా అన్నాను. 'మరి గాలికెదురుగా మూతెట్టి తోల్తావేటి? ఓ పక్కకి వాల్చి కొంత పో, మళ్లీ ఈ పక్కకి తిప్పు. వంకర్లు పోతేనే ముందుకెళ్తావు' అన్నాడు. అలాగే తిప్పాను. గంట దారి ఇరవై నిమిషాల్లో అయిపోయింది."

"ఆయన మాటే అది. మా ఊళ్లో కుర్రోళ్లకీ అలాగే సెప్పీవోడు."

"తర్వాత ఆయనే మౌసు పట్టుకున్నాడు. చేతులు వాచిపోయినా వదిలీవాడు కాదు. ఇంత తొందరగా ఎలా వస్తన్నావని ఎక్కడివాళ్లో రాసీవాళ్లు. చదివి చెప్తే నవ్వీవాడు."

"నవ్వీవోడా?"

"నవ్వీవాడు."

"ఇంట్లో నవ్వి ఏడాదైంది బాబూ. పడవ నానే అమ్మించేసినాను. వాచిన కాళ్లతో సముద్రంలోకి పోతానంటే... నడిమధ్యన ఆయాసం వొత్తే ఎవుడున్నాడు? ఆ రోజునుంచి నాతో మాటల్లేవు. పెడితే తినీవోడు. అంతే... సర్లే. మంగళారం సెప్పు."

"మంగళవారం పందెం ఉంది. పదకొండు ఓడలు. సగం దూరంలో గాలి తిరిగిపోయింది. అందరూ ఆగిపోయారు. మావ ఆగలేదు, ఒక్కొక్కళ్లనీ దాటుకుంటూ..."

"రైలెన్నింటికి?"

"పదకొండున్నరకి."

"పదకొండున్నరకి ఎక్కడున్నాడు?"

"ఈ కుర్చీలోనే."

"కూత ఇనబళ్లేదా? ఎదురుగానే కదా టేసను."

"వినబడింది. మావ లేవబోయాడు. 'బండొచ్చేసిందేటిరా' అన్నాడు. నేను..."

"నువ్వు?"

"గూడ్సుబండి మావా, ఇంకా టైముంది అన్నాను. అబద్ధం చెప్పాను అత్తా. ముందు ఒక్క ఓడే ఉంది. దాన్నీ దాటేస్తాడనిపించింది. తర్వాత బండికెళ్తే ఆసుపత్రిలో వంతు దాటిపోతాదని నాకు తెలీదు."

"బండెల్లిపోయిందని తెలిసి ఆయనేటన్నాడు?"

"'సనివారం మళ్లీ వంతుంది, అప్పుడెల్తాలే. మీ అత్తకి సెప్పకు' అన్నాడు. నీకు తెలీకూడదని రాత్రి ఈ బల్ల మీదే పడుకున్నాడు. ఎప్పుడూ వెళ్లే టైముకే మర్నాడు బస్సెక్కాడు. నన్నొక్క మాట అన్లేదు."

"సుక్రారం తెల్లారేసరికి ఊపిరాడలేదు. ఆటో వచ్చీసరికే..."

"తెలుసత్తా. మీ ఊరొచ్చాను. మీ వీధి మొదల్లోంచే తిరిగొచ్చేశాను. తిట్టు అత్తా. కొట్టు. ఏదోటి చెయ్యి."

"ఆ ఓడని దాటినాడా?"

"దాటాడు. అందరికన్నా ముందు రేవు చేరాడు."

"బుధారం ఇంటికొచ్చి, ఏడాది తరవాత నన్ను 'గంగా' అని పిలిసినాడు బాబూ. పక్కన కూకోబెట్టుకుని అన్నం తినిపించినాడు. ఈపాలి ఆసుపత్రిలో బాగా సేసినారు కామోసనుకున్నాను."