చాయ్ పెట్టుమనే కంప్యూటర్

గట్ల నవ్వకు, మెడల దండ జారుతది. నవ్వే సంగతి కాదిది. కత చిన్నదే, రెండు ముక్కల్ల చెప్పి లేస్త. నీ కంప్యూటర్ నోరు పడిపోయిందయ్యా.

నేను చెయ్యలే. నీ బిడ్డ లావణ్య చేసింది. మొన్న ఆదివారం జహనుమా నుంచి వచ్చుడు వచ్చుడే, "అమ్మా, ఇది పాతదైపోయింది, కొత్త సిస్టమ్ ఎక్కియ్యాలె" అని కూసుంది. పాతదైతే ఏందంట? మన దబీర్‌పురాల పాతది కానిదేముంది? పక్కింటి శారదమ్మ మెడల గొలుసొక్కటే కొత్తది. అది బంగారం కాదని బస్తీ మొత్తానికెరుక. నేనెవ్వరికి చెప్పలే. ఇద్దరికే చెప్పిన.

ఏం చెప్తున్న? ఆ, సిస్టమ్.

కరెంటు బిల్లు కట్టే పేజీ తెరుసుకుంటలేదంట. పాత సిస్టమ్‌ల దొంగలు జొరబడతరంట. జొరబడి ఏం ఎత్కపోతరయ్యా? నీ దగ్గునా?

నువ్వున్నన్ని రోజులు ఆ "అప్‌డేట్ చెయ్యాల్నా" అనేది వస్తే సాలు, "తర్వాత" అని నొక్కుతుంటివి. బేగంబజార్ల గిన్నెల దుకాణం బంద్ జేసి వచ్చి, చెప్పులిడిచి, సక్కగ దాని ముందట కూసుంటివి. పత్తాలాట, అదే పేకాట! లోకంల అందరి కంప్యూటర్లు ఆన్ చేస్తే ఏదో సంగీతం వస్తది. నువ్వేమో నీ గొంతే రికార్డు జేసి పెడితివి. బటన్ ఒత్తుడే ఆలస్యం, ఓ దగ్గు దగ్గి, "రుక్మా, చాయ్ పెట్టు!" దొరకు నోరు నొయ్యకుండ చాయ్ రావాలె. ఆ తెలివి దుకాణంల పెట్టుంటే మేడ కడుతుంటిమి.

ఎంత లొల్లి జేసిన నేను? ఇంటికెవరన్నొస్తే ఇజ్జత్ పోతది, తియ్యయ్యా అంటే, తీస్తివా?

నువ్వు పోయినంక ఆ పెట్టె రోజు ఎందుకు ఆన్ చేస్తుంటినో నీకెరుకే. నాకు పత్తాలాట రాదు. మౌస్ పట్టుకునుడే రాదు. పొద్దూకంగ నేను బటన్ ఒత్తుడు, నువ్వు దగ్గుడు, నేను చాయ్ పెట్టుడు. గంతే. లావణ్యకు చెప్పలే. ఏమని చెప్పాలె? శారదమ్మ గురించైతే గంట చెప్పొస్తది గని.

లావణ్యే స్టేషన్ కాడ రిపేర్ దుకాణం జోయెల్‌ను తోలుకొచ్చింది. "ఫికర్ చెయ్యకమ్మా, ఫోటోలన్ని జాగ్రత్త జేసిన" అన్నడు. ఫోటోలకేం, నువ్వు గోడకే ఉన్నవ్. సొరకాయంత ముఖం పెట్టుకోని సగం పొద్దు కూసున్నడు. అయినంక ఆన్ చేసిండు. తెర మూలకుండే బటన్ నడిమిట్లకొచ్చింది. పచ్చగుట్ట బొమ్మ పోయి నీలం పువ్వసొంటిదేదో వచ్చింది. పత్తాలాటల ప్రకటనలొచ్చినయ్. అన్నీ వచ్చినయ్. నువ్వు దగ్గలే.

"మల్లొక్కసారి ఆన్ చెయ్ బిడ్డా" అన్న. చేసింది.

దగ్గలే.

"ఏందమ్మా, ఏడుస్తున్నవా?" అన్నది. "ఉల్లిగడ్డ కోస్తున్న" అన్న. నా చేతిల ఉల్లిగడ్డ లేదు, కత్తి లేదు. అప్పుడు సమజైంది పోరికి.

పాపం, జోయెల్ పాతయన్ని గెలికి గెలికి నీ గొంతు దొరకబట్టిండు. మల్ల అండ్లనే పెట్టురాదు అంటే, ఏమంటడు? ఈ కొత్తది పాతదాని లెక్క పూరా బంద్ కాదంట. పండుకుంటదంట, లేస్తదంట. లేచేటప్పుడు సప్పుడు చెయ్యదంట. పోకుండ ఉత్తగ పండుకునుడు! దానిది అదృష్టమయ్యా.

ఇగ లావణ్య నీ గొంతును నా ఫోన్‌ల పెట్టింది. "నేను చేసినప్పుడల్లా బాపు పిలుస్తడమ్మా" అని మస్తు సంబరపడ్డది. తెల్లారి జహనుమా నుంచి ఫోన్ చేసింది. "రుక్మా, చాయ్ పెట్టు! రుక్మా, చాయ్ పెట్టు!" నేను ఎత్తలే. మల్ల చేసింది. ఎత్తలే. అమ్మకేమైందో అని శారదమ్మను ఉరికిచ్చింది. ఆమె తలుపులు బాదుతుంటే గల్లీ మొత్తం జమైంది. నేను పోయిననుకోని కొందరు ఏడుపు కూడ మొదలువెట్టిన్రు. ఎవరెవరు ఏడుస్తలేరో కిటికీలకెళ్లి సూస్కున్న.

లావణ్య ఆటోల ఉరికొచ్చింది. "ఫోన్ ఎందుకెత్తలేవే అమ్మా? పానం పోయినంత పనైంది నాకు!"

"ఎత్తితే మీ బాపు ఆగిపోతడు బిడ్డా" అన్న.

పోరి అరుగు మీదికి పోయి, అక్కడికెళ్లి నా ఫోన్‌కు చేసింది. మోగి మోగి అదే ఆగేదాక తలుపు చెక్కకు ఒరిగి నిలబడ్డది.

ఇప్పుడు రోజు పొద్దూకంగ చేస్తది. నేను ఎత్తనని దానికెరుకే. మోగనిస్తది. నేను చాయ్ పెడ్త.

నాతోని మాట్లాడాల్నంటే శారదమ్మ ఫోన్‌కు చేస్తది.