కింది గొంతు

వేల్స్ కొండల్లో ఒక గొర్రెల కాపరి ఇల్లు. క్రిస్మస్ ముందరి ఆదివారం, మధ్యాహ్నం. సాయంత్రం చర్చిలో ప్లగైన్, అంటే జట్లు జట్లుగా లేచి పండగ పాటలు పాడే ప్రార్థన. ఇథెల్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు, తీసిందే మళ్లీ తీస్తున్నాడు. అతని భార్య నెస్టా పాత క్యాసెట్లన్నీ బల్ల మీద గుమ్మరించుకుని ఒక్కొక్కటే వింటోంది.

"అదీ బాగాలేదా?"

"బాగాలేక కాదు. పోయినేడు పాడేశాం."

"పోనీ ఇందాకటిది?"

"దానికి నలుగురు కావాలి. మేం ముగ్గురం. నువ్వు దుంప చూసుకో, వేలు తెగుతుంది."

"పండగ పూట ఏదో ఒక పాట పాడేస్తే పోయె."

"ఏదో ఒక పాటా? సెప్టెంబరు నుంచీ వెతికి వెతికి పట్టుకున్నామయ్యా ఆ పాటని. అది వింటే తప్ప పండగొచ్చినట్టే లేదు నాకు. అలాంటిది, పొద్దున ప్రార్థనయ్యాక బయటికొస్తుంటే పెన్‌గార్త్ వాళ్ల జట్టులో పాడే టెగ్వెన్ అదే పాట తీస్తోంది. మాటలతో సహా."

"పాటలన్నాక నాలుగు నోళ్లలో పడతాయి."

"ఇది ఈ లోయలో ఎవరూ ఎరగని పాట. ఇవాళ ముందు వాళ్లే లేస్తారట. లేచి ఇదే పాడతారట. ఒక జట్టు పాడింది ఆ రోజుకి ఇంకో జట్టు ముట్టుకోకూడదు కదా. ఇంక మేం వెళ్లి ఏం పాడాలి, మా మొహం?"

"ఎవరు... ఎవరిచ్చారట వాళ్లకి?"

"అడిగాను. మీ ఇంట్లోనే అడుగు అంది, నవ్వుతూ."

"దాని నోటికి అదుపుండదు."

"ఇథెల్."

"ఉప్పెక్కడ పెట్టావు?"

"నీ ఎదురుగానే ఉంది. ఇచ్చింది నువ్వేనా?"

"ఇచ్చాననే అనుకో."

"అనుకోవడం కాదు. ఇచ్చావా, లేదా?"

"ఇచ్చాను. అయితే ఏంటి?"

"అయితే ఏంటా? కట్టుకున్న పెళ్లాం నోటికాడ ముద్ద తీసి ఊళ్లోవాళ్లకి పెడతావా? నేను నీకేం చేశాను?"

"ఏం చేశావా? మంగళవారం వచ్చిందంటే గ్విలిమ్ ఇంటికి. పాటలు వెతకడానికట. తిరిగొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతుండేది. ఏంటీ అంటే పండగ కళ అనేదానివి. ఇన్నేళ్ల కాపరంలో నా మొహం చూసి ఏనాడైనా వచ్చిందా నీకు పండగ కళ?"

"అక్కడ వాడి చెల్లెలు మెన్నా కూడా ఉంటుంది. ముగ్గురం కలిసే కదా పాడేది. నీకు తెలియనిదా?"

"తెలుసు. వాణ్ణి చేసుకోబోయి నన్ను చేసుకున్నావనీ తెలుసు. ఊరంతటికీ తెలుసు."

"ఏనాటి మాట అది, ఇంకా కక్కుతున్నావా?"

"నాకు ఏటేటా కొత్తదే. చర్చిలో నేను బల్ల మీద కూర్చునుంటాను, మీరు ముందుకెళ్లి గుండ్రంగా నిలబడతారు. చెయ్యి ఊపేవాడు లేడు, లెక్క పెట్టేవాడు లేడు. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని అందరూ ఒక్కసారే ఊపిరి తీస్తారు. అప్పుడు నాకు కడుపు రగిలిపోతుంది నెస్టా."

"ఊపిరి తీసుకున్నా ఏడుస్తావా?"

"ఏడుస్తాను. నాది గాడిద గొంతు. బళ్లో పాటల మేష్టారు ఊరికే పెదాలాడించరా చాలు అన్నాడు, ఇప్పటికీ అదే చేస్తున్నాను. ఆఖరి పాటకి ఊళ్లో మగాళ్లంతా లేచి వెళ్తారు. నేను వాళ్ల కోట్లకి కాపలా."

"దానికీ పాట ఇచ్చెయ్యడానికీ సంబంధమేంటి?"

"అంతవరకూ ఓర్చుకునేవాణ్ణే. పోయిన వారం నీ ఫోన్లో రికార్డు విన్నాను."

"ఏ రికార్డు?"

"ఆ పాటదే. నువ్వూ వాడూ. మెన్నా లేదు, గిన్నా లేదు, ఇద్దరే. నువ్వు పై గొంతులో మాటలతో పాడుతున్నావు, వాడు కింది గొంతులో ఊరికే ఊ అంటున్నాడు. ఎంత కడుపుమంటైనా ఒప్పుకోవాలి, ఏం గొంతు అది! తొందర లేదు, తడబాటు లేదు. నీ గొంతు కింద పరుపు పరిచినట్టుంది. మధ్యమధ్య గిన్నెల చప్పుడు కూడా. వాడి వంటింట్లో నిలబడి పాడుకున్నారన్నమాట, మొగుడూ పెళ్లాల్లాగా."

"అప్పుడేం చేశావు?"

"ఒళ్లు మండిపోయి, అక్కడికక్కడే దాన్ని టెగ్వెన్‌కి పంపేశాను. ముందు మీరే లేచి పాడండి, దీని పొగరు అణగాలి అన్నాను."

"చల్లబడిందా కడుపు?"

"లేదు. తిట్టు. ఏదో ఒకటి అను."

"గ్విలిమ్ ఈ ఏడు పాడట్లేదు."

"అదేంటి?"

"ఎండాకాలంలో గొంతుకి ఆపరేషనైంది. గట్టిగా మాట్లాడటానికే లేదు, పాట మాట దేవుడెరుగు. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. అందుకే నీకూ చెప్పలేదు."

"మరి ఇన్ని మంగళవారాలు..."

"కింది గొంతు ఎక్కువ ఎక్కీ దిగీ చెయ్యని పాట కోసం వెతికాం. పాడటం రాదని ఒట్టేసుకు కూర్చున్నవాడు కూడా పాడగలిగే పాట. దొరకబట్టింది గ్విలిమే. తన చోట్లో నిలబడేవాడి కోసం."

"ఎవరు నిలబడతారు?"

"టీ తాగేటప్పుడు చెబుదామనుకున్నాను. ముందే చెబితే గొర్రెల్లోకి పారిపోతావని."

"ఆగాగు. గ్విలిమ్‌కి గొంతే లేకపోతే ఆ రికార్డులో ఉన్నదెవడు?"

"ఆ వంటిల్లు మనదే, మొద్దూ. నేను గిన్నెలు కడుగుతూ పాడుతుంటే, నా వెనకాల నీకు తెలియకుండానే నువ్వు కలిపిన గొంతు అది."