నాసరయ్య కట్టిన గంజిపంచె

నాసరయ్యది సున్నపు బట్టీ కాడ పని. రాయి పేర్చటం, కాల్చటం, కాలిన రాయి మీద నీళ్ళు చిలకరిస్తే బుస్సున పొంగి పొడైపోద్ది చూడు, ఆ పొడి జల్లించి బండికెత్తటం. తెల్లారి మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే పని. ముక్కుకీ నోటికీ అడ్డంగా ఒక గుడ్డ చుట్టుకుంటాడు, తలకి ఇంకో గుడ్డ, మధ్యన రెండు కళ్ళు. ఆ కంటి రెప్పలు కూడా ముసిలోడి రెప్పల్లాగ తెల్లగా ఉంటయ్యంట. చేతులైతే ఎండాకాలం ఎండిపోయిన మడి ఎట్టా ఉంటదో అట్టా, ఒకటే బీటలు. తొడిమలు తీస్తా వినండే, చేతులాపమాకండి, సాయంత్రానికి ఈ మిరపకాయ గోతాల్లోకి ఎక్కాలి. ఆ నాసరయ్యకి ముప్పై దాటినై, పెళ్ళి లేదు. సంబంధం చూసే పెద్దోళ్ళు ముందే పోయారు. ఉన్నది ఒక్క అక్క, బూసమ్మని. మొగుడు పోతే పుట్టింటికి వచ్చి తమ్ముడికి ఇంత వండిపెడతా ఉందనుకో.

ఇట్టా ఉండంగా ఏమైందంటే, మంగళారం మంగళారం సున్నం బండి కట్టుకుని నాగులేరు వాగు దాటి సంతకి పోతాడు గదా, ఆ సంతలో వెంగమ్మ అని ఒకామె తమలపాకులు అమ్మేది. వాగు పక్కన వాళ్ళకి ఆకుతోట ఉంది. తండ్రి మంచాన పడితే ఈమే కోసి, కట్టలు కట్టి, గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఆకేసుకునేవాళ్ళకి సున్నం కావాలి గదా మరి, అందుకని నాసరయ్య బండి కాడికి వచ్చి చిన్న ముంతతో సున్నం తీసుకునేది. అదీ వాళ్ళ పరిచయం. "ఏంది సున్నపాయనా, ఇయ్యాల సున్నం ఘాటా?" అని అడుగుద్దంట. "నోరు పొక్కితే నన్ననమాక" అంటాడంట. "పొక్కితే నీ పేరు చెప్పి ఊరంతా చూపిస్తాలే" అని నవ్వుకుంటా పోద్దంట. అంతే. వారం మొత్తానికీ ఆ రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలూ ఇంటికి తెచ్చుకుని, మళ్ళా మంగళారం దాకా బట్టీ కాడ అవే తలుచుకుంటా ఉండేవాడనుకో.

ఒక సంతనాడు ఎవరో పెద్దింటి అల్లుడంట, ఆకుల వరసలోంచి నడిచిపోయాడు. తెల్లటి పంచె, భుజాన కండువా, నూనె రాసి దువ్విన జుట్టు, కిర్రుకిర్రున చెప్పులు. గంపల ముందు కూర్చున్న ఆడోళ్ళు బేరాలు మానేసి చూశారంట. వెంగమ్మా చూసింది. చూసి, పక్కన నిమ్మకాయలమ్మే ఆమెతో, "ఉతికిన బట్టలో ఉన్న మనిషిని చూస్తే కడుపు నిండినట్టుంటది గదా వదినా" అందంట. ఊరకే అంది. ఆమె మనసులో ఏమీ లేదు. కానీ వెనకాల ముంతకి సున్నం పోస్తా నిలబడ్డ నాసరయ్య చెవిన పడింది. తలొంచి తన వంక చూసుకున్నాడంట. మోకాళ్ళ దాకా గోచీపంచె, అదీ ఏ రంగో చెప్పటానికి లేదు. ఇంటికొచ్చేదాకా ఎద్దుల్ని ఒక్కసారన్నా అదిలించలేదంట. అయ్యి వాటి ఇష్టానికి నడిచి వచ్చినయ్యి.

రాత్రి అన్నం పెడుతున్న అక్కతో అన్నాడంట, "అక్కా, నేను ఒక్కసారి శుభ్రమైన మనిషిలాగ కనపడాలి" అని. బూసమ్మ నవ్వలా. "ఎవరికిరా?" అంది. వాడు కంచం వంక చూస్తా కూర్చున్నాడు. "సరే, చెప్పమాకలే" అంది. "కొత్త బట్టలు కొనే తాహతు మనకేడిది అక్కా" అన్నాడు. "కొత్తవి ఎవరడిగార్రా. నాన్న పంచె పెట్లో ఉంది గదా" అందంట.

ఆ పంచె తీస్తే పసుపుపచ్చగా మాగిపోయి ఉంది, ఒక మూల ఎలక కొట్టింది. బూసమ్మ ఏం చేసిందంటే, చవుడు మట్టి తెచ్చి నీళ్ళల్లో కలిపి, ఆ తేటలో పంచె నానేసి, కుండలో ఉడకబెట్టి, వాగు కాడ బండకేసి బాదిందంట. ఉతికిందే మళ్ళా ఉతికిందంట. ఆఖరికి నీళ్ళల్లో ఒక్క చుక్క నీలి వేసి తీసింది, ఎక్కువైతే బట్ట నీలంగా కనపడుద్దని. ఆ పైన గంజి. చిక్కగా పెడితే అట్ట అయిపోద్ది, పలచన పెడితే నిలవదు. వేలు ముంచి చూసుకుంటా, గుడ్డలో వడకట్టి, పంచె ముంచి తీసి, అక్క ఒక చెంగు తమ్ముడొక చెంగు పట్టుకుని సాగలాగి నీడలో ఆరేశారంట. ఇస్త్రీ పెట్టె యాడిది వాళ్ళకి. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, అడుగు తుడుచుకుంటా మడత మడతకీ రుద్దింది. ఎలక కొట్టిన మూల నడుం కాడ లోపలికి పోయేట్టు ఎట్టా కట్టాలో పిల్లోడికి చెప్పినట్టు చెప్పింది. కండువా లేదు. ఇంకో పాత పంచెలో బాగున్న ముక్క కత్తిరించి, తన పెళ్ళి చీర ఎర్ర అంచు ఊడదీసి దానికి కుట్టింది. "అదెందుకక్కా" అన్నాడంట వాడు. "నేనెట్టాగూ కట్టను గదరా, పెట్లో ఉండి ఏం చేసిద్ది" అని పంటితో దారం కొరికింది. ఏమే రమణా, నీకు కళ్ళల్లో కారం పడిందా, చెంగుతో తుడుచుకో, చేత్తో ముట్టుకోమాక.

ఇక మనిషి సంగతి. సున్నం పట్టిన ఒంటి మీద నీళ్ళు పోస్తే మంట గదా, అందుకని ముందు ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించి, ఎండలో కూర్చోపెట్టి, గుడ్డతో తుడిచి, అప్పుడు సున్నిపిండి పెట్టి రుద్దింది. పళ్ళకి బొగ్గూ ఉప్పూ. మంగలి అంజయ్య వచ్చి గడ్డం గీసి, జుట్టు కత్తిరించి, "ఇన్నాళ్ళూ నీకు చేస్తన్నది సున్నం గీకే పని అనుకున్నానయ్యా, ఇయ్యాలేగా తెలిసింది కింద మనిషున్నాడని" అన్నాడంట. పాత చెప్పులకి దీపం మసీ ఆముదం కలిపి రాస్తే నల్లగా మెరిసినయ్యి. అన్నీ కుదిరినై గానీ చేతులు మాత్రం లొంగలా. వెన్న రాశారు, మీగడ రాశారు, బీటలు బీటలే. "కండువా కింద పెట్టుకో" అంది అక్క.

మంగళారం వచ్చింది. ఆ వారం బండి కట్టలా. గంజి బట్టతో సున్నం బండి ఎట్టా ఎక్కుతాడు. నడిచే పోయాడు. నాగులేరు కాడ చెప్పులు చంకన పెట్టుకుని, పంచె నడుం దాకా ఎగ్గట్టి, మడత చెడకుండా నీళ్ళల్లో కొంగ నడిచినట్టు నడిచాడంట. అవతల ఒడ్డున కాళ్ళు ఆరబెట్టుకుని, చెప్పులు తొడిగి, పంచె దించుకుని సంతలోకి పోతే, ఏం చెప్పమంటారు, జనం పక్కకి జరిగి దారిచ్చారంట. ప్రతి సంతకీ ఆయన్ని "ఒరే, బండి తీయరా" అనేవాడు దణ్ణం పెట్టాడంట. నాసరయ్యకి ఒంట్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చున్నట్టుంది. దారంతా ఒక్క మాటే అనుకుంటా వచ్చాడు. "నేనే వెంగమ్మా, నాసరయ్యని." అది చెప్పాలి. చెబితే ఆమె కళ్ళు ఎట్టా పెద్దవైతయ్యో చూడాలి.

ఆమె ముందుకు పోయి నిలబడ్డాడు. ఆమెకి ముందు కనపడింది చెప్పులు, ఆ పైన పంచె కుచ్చిళ్ళు. గబుక్కున లేచి, పైట సరిగ్గా లాక్కుని, తలొంచుకుని, "ఏం కావాలి బాబుగారూ?" అంది. ఆ బాబుగారూ అనే మాటతో దారంతా అనుకుంటా వచ్చిన మాట ఎగిరిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ అట్టా పిలవలా. "ఒక కట్ట ఆకులు" అన్నాడంట. నోటికి అడ్డం గుడ్డ లేదు గదా, గొంతు కూడా ఆమె ఎరిగిన గొంతులాగ రాలా. ఆమె అడుగునున్న లేతాకులు తీసి, తడిగుడ్డతో తుడిచి కట్ట కట్టింది. కట్టేదల్లా ఆగి, "బాబుగారూ, మీరు నాగులేటి వైపు నుంచేనా వచ్చింది? దారిలో సున్నం బండేమన్నా కనపడిందా?" అని అడిగింది. "లేదే. ఆ బండితో ఏం పని?" అన్నాడు. "పనేముందండీ, సున్నానికే" అంది. ముంత చూస్తే నిండా సున్నం ఉంది. ఆమెకే అనిపించినట్టుంది, ముంత మీద ఆకు కప్పింది. కప్పి, గంప అడుగునించి మోదుగాకు పొట్లం ఒకటి తీసి, "ఇది మైనం, ఆముదం కలిపి కాచిందండీ. ఆయన చేతులు చూడలేకపోతన్నా. ఇచ్చేదామని తెచ్చా, ఇయ్యాల రాలా. మీరు ఆ దారినే పోతారేమో, బట్టీ కాడ నాసరయ్యంటే ఎవరైనా చెబుతారు" అంది.

చూడండి ఆ మనిషి అవస్థ. కండువా కింద దాచిన చెయ్యి బయటికి తీయటానికి లేదు. కండువా చెంగుతోనే పొట్లం అందుకున్నాడు. అందుకుని, ఊరుకోవచ్చు గదా, "ఆయన మీకు ఏమవుతాడు?" అని అడిగాడు. ఆమె చాలాసేపు ఆకులు సర్దింది. "ఏమీ కాడండి. మంగళారం వస్తాడు, రెండు మాటలు మాట్లాడతాడు. రాకపోతే ఇట్టా ఉంటదని నాకూ ఇయ్యాలే తెలిసింది" అంది. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి గదా, అందుకని నోరు జారింది. ఎరిగినోళ్ళతో అంటదా ఆడది ఆ మాట. అప్పుడన్నా చెప్పొచ్చు, నేనే అని. చెప్పలేకపోయాడు. దొంగచాటుగా విన్న మాటైపోయింది గదా అది. ఆకులు తీసుకుని వచ్చేశాడు. వాగొడ్డున కూర్చుని ఆ మందు చేతులకి రాసుకున్నాడంట. ఏడ్చాడంటారు కొందరు. ఆముదం ఘాటు కళ్ళకెక్కిందంటారు కొందరు.

పై మంగళారం మళ్ళా సున్నం బండి, మళ్ళా మొహానికి గుడ్డ. వెంగమ్మ ముంత పట్టుకుని పరిగెత్తినట్టే వచ్చింది. "పోయినారం రాలేదే?" "ఒంట్లో బాగలా." "పొట్లం అందిందా?" "అందింది." ఆమె సంబరపడి, "ఎవరోగానీ మర్యాదస్తుడు. నాలాంటిదాన్ని మీరు అన్నాడు. పంచె చూడాల నువ్వు, పాల నురగే అనుకో" అంది. వాడికి చురుక్కుమంది. ఆ పై వారం ఆమె జడలో కనకాంబరాలు పెట్టుకొచ్చింది, చీర కూడా గంజి పెట్టిందే. "ఆ బాబుగారు నీకు మళ్ళా కనపడలా?" అని అడిగింది. ఆ పూలు సున్నపోడి కోసమా, పంచె కట్టినోడి కోసమా? వాడికి తెలవదు. తన మీద తనకే కుళ్ళు పుట్టుకొచ్చింది. ఇట్టాంటిది యాడన్నా విన్నారా మీరు. తట్టుకోలేక అనేశాడు, "ఆ బాబు నేనే వెంగమ్మా" అని.

ఆమె ముంత కింద పెట్టింది. "అయితే నేను అన్నదంతా నువ్వే విన్నావా?" "విన్నా." "విని, పొట్లం పుచ్చుకుని, మాట్లాడకుండా పోయావా?" "పోయా." సగం ఆకులు అమ్మకుండానే గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ పై మంగళారం రాలా. ఆ పైనా రాలా. ఆకుల గంప ముందు వాళ్ళ పిన్ని కూర్చుంది. "వెంగమ్మ రాలేదా?" అంటే "తోటలో పనుంది" అంటదంట, మొహం చూడకుండా. ఎన్ని సంతలు అట్టా గడిచినయ్యో. ముంతలో సున్నం తగ్గిందా అని నాసరయ్య తనే పోయి అడిగి పోసొస్తన్నాడు, ఆ ముంత ఆమెది గదా అని.

వానలు పట్టినై. వానలో బట్టీ కాల్చరు. చేతిలో పని లేక, కూర్చోలేక, ఒకరోజు ఆకుతోటకి బయల్దేరాడు. "పంచె తీయనా?" అంది బూసమ్మ. "వద్దక్కా" అన్నాడు. మామూలు ముతక పంచే కట్టాడు, కాకపోతే శుభ్రంగా ఉతికిందే. తడిసిన జుట్టు చేత్తోనే వెనక్కి తోసుకుని తోటలోకి పోతే, అవిశె చెట్లకి అల్లుకున్న తీగల మధ్య నిచ్చెన మీదుంది వెంగమ్మ. ఎవరో అనుకుని, "ఎవరు కావాలి?" అంది. "నేనే, నాసరయ్యని" అన్నాడు. ఆమె దిగి వచ్చి, దూరంగా నిలబడి, "ఎందుకొచ్చావు?" అంది. "ఆ రోజు తిట్టకుండా పోయావు. తిట్టించుకుని పోదామని వచ్చా" అన్నాడు.

"తిట్టాలంటే మనిషి మొహం ఎరిగుండాలి గదా. సున్నంలో ఉంటే నువ్వు కనపడవు. పంచె కట్టుకొచ్చిన రోజు సిగ్గుపడి నేను తలెత్తలా. కూర్చో ముందు" అందంట. కాలవ గట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా ఆమె కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తా ఉంది, నుదురూ కళ్ళూ గడ్డమూ అన్నీ, ఎవరన్నా ఏమన్నా అనుకుంటారని లేకుండా. వాడు ముందు నేల చూశాడు, ఆకుల వంక చూశాడు, ఆఖరికి ఆమె వంకే చూశాడు. పైన ఆకుల మీంచి చినుకులు ఇద్దరి మీదా రాలతన్నయ్యి. పాకలోంచి తండ్రి దగ్గి, "ఎవరమ్మా వచ్చింది?" అని కేకేశాడంట. "ఉండు నాన్నా, ఇంకా చూస్తన్నా" అందంట వెంగమ్మ.

పెళ్ళయిందా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. అయిందిలే. పెళ్ళిలో చెప్పుకోటానికి ఏముంది, అందరి పెళ్ళిళ్ళూ ఒకటే. నాకు మాత్రం ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ కాలవ గట్టు కాడే మనసాగిపోద్ది. మా ముసలాయన ఇన్నేళ్ళ కాపరంలో నా మొహం నిదానంగా చూసింది ఒక్కసారే. చూసి, "ముక్కుపుడక ఏదే?" అన్నాడు. అది పోయి అప్పటికి ఏడాది. కానీయండి, ఆ గోతాం ఇట్టా జరపండి.