భూషణం జనుపమడి

ఆ మూల మడి ఎందుకు బీడు పెట్టిన్రని అడుగుతున్నవా? కూసో, చెప్త. ఇయ్యాల జుమ్మా, పనికి తొందరేం లేదు. అది భూషణం మడి. ఆయనది కొడిమ్యాల దిక్కు, నన్ను బావా అనేటోడు. ఏ వరుసనో ఇప్పటిదాంక నాకు తెల్వదు. ఊర్లె బోరు మీద బోరేసిండు, దుమ్ము లేసింది గని సుక్క రాలే. సౌదీల ఈ హుఫూఫ్‌కు అచ్చిన దినమే కాలువ సూసి, చెప్పులిడిసి మోకాళ్ల దాంక దిగిండు. పెండ్లాం గౌరవ్వకు ఫోన్ జేసి నీళ్ల సప్పుడు ఇనిపిచ్చిండు. 'సప్పుడెందుకయ్యా, నీళ్లే పంపరాదు!' అన్నదట ఆమె. అది చెప్పుకుంట ఎంత నవ్వేటోడో.

ఆఁ, ఏడున్న? ఆ ఏడే మన అసొంటి పరదేశోల్ల తలకింతని సర్కారు కట్టిచ్చుకునే లెవీ పెంచిన్రు. ఇన్ని నౌకర్లు సౌదోల్లకే అనే నితాఖత్ అంతకుముందే అచ్చె, దాని మీద ఇదొకటి. మా కఫీల్, ఈ తోట ఆసామి అబూ సాలెం, చెడ్డోడు గాదు, గని మొఖం అటు తిప్పుకొని చెప్పిండు, అందరి లెవీ కట్టలేను, అక్కరున్నోన్నే ఉంచుకుంట, మిగిలినోల్లకు ఖురూజ్ కొట్టి ఇంటికి తోలుత అని. ఖురూజ్ పడ్డంక మల్ల ఈ తోట మొఖం సూసేదుంటదా? భూషణం అచ్చినప్పుడే ఊరి నుంచి జనుప గింజలు తెచ్చుకున్నడు. ఓ సాలు పెట్టి, నార తీసి, తాడు పేనిండు. ఖర్జూర గెలలు కట్టి సూసి కఫీల్ ఖుషీ అయిండు. 'యా బూషన్, ఆ మడంత పండియ్యి, నువ్వు ఉంటవ్' అన్నడు. డ్రైవర్ నయీమ్ అచ్చి, 'ఏంది చాచా, గంజాయా? అందర్ని జైలుకు పంపుతవా?' అంటే, 'ఓరి, దీంట్ల మత్తు లేదురా, నీ నోటికి కట్టే తాడున్నది' అన్నడు. అట్లుండె మనిషి.

మోకాలెత్తు అయినంక తలలు వాల్చినయి మొక్కలు. మొదట ఓ మూలకు, తర్వాత సాలు సాలంత. కఫీల్ ఈజిప్టు నుంచచ్చిన ఓ మిస్రీ పంటల ఇంజనీరును తోలుకచ్చిండు. ఆయన కాండం మొదట్ల తెల్లబూజు సూపెట్టి, 'ఇది మొదలుకుళ్లు తెగులు, మట్టిల ఉన్నది, నీళ్లు బంద్ పెట్టున్రి, సచ్చినయి పీకి కాలవెట్టున్రి' అన్నడు. బండి అటు పోంగనే భూషణం నా మీద పడ్డడు. 'ఎండిపోతున్న పైరుకు నీళ్లు బంద్ పెట్టుమంటడు, వీడు ఇంజనీరా బావా? తలకాయ వాల్చిందంటే దప్పికే గదా!' నేను తిట్టిన. ఇన్నడా? అసర్ నమాజుకు అందరు పోంగనే కాలువ గండి తీసేటోడు. ఆయన తప్పేంది చెప్పు, పుట్టినకాన్నుంచి వాడిన పైరును నీళ్లకు మొఖం వాసిందే సూసిండు, నీళ్లెక్కువై సచ్చుడు ఎన్నడు సూడలే. ఎంత పోస్తె అంత పాకింది తెగులు. వాసనచ్చింది మడి.

ఆఖరుకు ఒక మొక్క పీకిండు. ఏరు తోలూడి నానిన గుడ్డ లెక్క చేతిల జారింది. ఆ బురదల కూలవడి, 'దప్పికనుకున్న బావా' అన్నడు. కఫీల్ అచ్చి సూసి, తిట్టనన్న తిట్టలే. తిడితే బాగుండు. మట్టిల తెగులున్నదని ఆ మడి అప్పటి సంది బీడే. పది దినాలల్ల ఎక్కిచ్చిన్రు ఇమానం. తాళ్లు నాకిడిసిపెట్టి పోయిండు.

ఊర్లె ఏం జేసేటోడో ఎరుకేనా? గౌరవ్వ ఏడ్సుకుంట ఫోన్ జేసింది. 'అన్నా, నువ్వన్న చెప్పు. కండ్లవడ్డ చేన్లకు సొచ్చి, పచ్చగున్న మొక్కను పీకి, ఏరు సూసి, మల్ల పాతుతున్నడు. పత్తి చేనోల్లు కట్టెలు పట్టుకొని తరుముతున్నరు.' ఫోన్ ఆయనకియ్యమన్న. 'పచ్చగున్నదాన్ని ఎందుకు పీకుతున్నవురా?' అన్న. 'పైకి అన్ని పచ్చగనే ఉంటయి బావా. పీకకపోతే ఎట్ల తెలుస్తది?' అన్నడు. ఆ యాసంగిల పానమిడిసిండు. ఎవలదో చేన్ల, చేతిల మొక్క ఉండెనట. ఆఖరి సూపుకు పోను నాకు సెలవు దొరకలే...

అరే, ఆ మేకలు చూడు, కంచె దాటుతున్నయి. లే, కొట్టు పో.