జ్ఞానానందం అరిస్తే గ్రహం ఆగింది

కిరండూల్ బండి ఇంకో గంట లేటని మైకులో చెప్పగానే జ్ఞానానందం బావ టీకొట్టు బల్ల మీద మళ్లీ కూలబడ్డాడు. ఇవాళ అతని కోతలు మాకు తప్పవని అర్థమైపోయింది. కొత్తవలస స్టేషను బయట ఆ కొట్టులో అతను కాక అప్పుడున్నది మేం ముగ్గురమే. పొయ్యి దగ్గర లక్ష్మీనరసమ్మ, వైరింగు పనులు చేసుకునే గోపి, ఆటో పక్కన పెట్టుకున్న నేను. బావ ముప్పై ఏళ్లుగా సాలూరు లారీల మీద డ్రైవరు. ముందురోజే రాయపూర్ నుంచి దిగాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి, ఒళ్లు వాలిపోతోంది, నోరు మాత్రం ఇంకా బండి దిగలేదు.

ఆ రైల్లో అతని చెల్లెలు షీబా వస్తోంది. కోరాపుట్‌లో నర్సు. తొమ్మిదేళ్లుగా అన్నాచెల్లెళ్లకి మాటల్లేవు. వాళ్లమ్మ పోయిన రోజు ఘాట్‌లో పట్టాల మీద కొండరాళ్లు పడి షీబా ఎక్కిన బండి ఆగిపోయింది. ఆ పిల్ల వచ్చేదాకా ఉంచుదామని అందరూ అన్నారు. వాన ముంచుకొస్తోందని, పాస్టరుగారు ఇంకో ఊరు వెళ్లాలని చెప్పి బావ పెట్టె మూత వేయించేశాడు. షీబా తెల్లారి వచ్చేసరికి సమాధుల తోటలో కొత్తమట్టి దిబ్బ ఉంది. ఆఖరి చూపు దక్కలేదు. రేపు అమ్మ జ్ఞాపకార్థ కూడికకి వస్తానని ఇన్నాళ్లకి కబురు పంపింది. ఆమె ఎదట పడాలంటే బావకి భయం. అది తెలుసు గనకే మేం అతని నోరు మూయించలేదు.

"మామిడికాయల లోడుతో హైదరాబాదు ఎల్లేను సూడు, అప్పటి సంగతి," అని మొదలెట్టాడు. "సందులో ఎవుడో బండి అడ్డం ఎట్టేడు. తియ్యమని ఒక్క కేక ఏసేను. ఎదర మేడ మీంచి ఒకాయన దిగొచ్చి, బాబూ ఆ గొంతు మాకు కావాలన్నాడు. పిల్లలు సూసే బొమ్మల సీరియళ్లకి తెలుగులో మాటలు సెప్పించే సోటది. ఓడలు సుక్కల్లోకి ఎగురుతాయి, అలాటి సీరియలు. గుంపులో నిలబడి, పారిపోండి పారిపోండి అనాలి, అంతే. అన్నాను. టీ ఇచ్చేరు. ఇక్కడిదాకా నమ్ముతారు గదా?"

నమ్మాం. బావ గొంతు అలాంటిది. మా చర్చి గుడారాల సభల్లో మైకు పాడైతే అతన్నే పిలుస్తారు.

"ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? ఆ సీరియల్లో ఓ అన్నా సెల్లీ ఉన్నారు. ఆల గ్రహం పేలిపోతాదని అందరూ ఓడెక్కుతన్నారు. సెల్లి ఎనకబడిపోనాది. అన్న ఆగకండా ఓడ లేపీసేడు. ఎవులో వచ్చి సెల్లిని ఇంకో ఓడలో ఎక్కించేరు, అది ఈడికి తెలీదు. డెబ్బై ఏళ్లు ఎతికేడు. సుక్కసుక్కకీ ఆగి అడిగేడు, మా సెల్లిని సూసేరా అనీసి. ఆకర్న దొరికింది. ఇద్దరూ ఎదరెదర నిలబడే సీను. ఆ అన్నకి మాట సెప్పే ఆర్టిస్టు, పెద్దాయనే, పాపం నా కేక ఇన్నాక సిగ్గుపడిపోయి గొంతు రాక కూకుండిపోనాడు. ఇంకెవులున్నారు? నానే."

లక్ష్మీనరసమ్మ గ్లాసులు కడుగుతూనే, ఆయనకి మిరియాల పాలు ఇవ్వలేకపోయారా అని అడిగింది.

"ఇచ్చేరప్పా, పనిసెయ్యనేదు. మైకు కాడికి ఎల్లేను. నా ఎదర సెల్లి మాట సెప్పే పిల్ల. సేతులు పట్టుకున్నాం. సెల్లీ, నాను ఆగవలిసింది, ఆగనేదు, అన్నాను. అంతే. గదిలో గాజు అద్దం నిలువునా బీటిచ్చింది. పై దేశంలో ఆ బొమ్మలు గీసినోళ్లు సెల్లి బొమ్మకి కన్నీళ్లు గియ్యనేదు, నాను సూసేను గదా. అయినా కారేయి. టీవీ లోంచి కిందకి. ఓ ముసిలామె బకెట్టు తెచ్చి తుడిసింది."

"ఎన్ని బకెట్లు?" అన్నాను నేను.

"మూడు. నాలుగోది సగం. నిజం సెప్పాలి గదా." అరచేతులతో కళ్లు రుద్దుకున్నాడు. నిద్రకి మాట మధ్యలో తూలుతున్నాడు గానీ ఆపడం లేదు. "అంతట్లో బొమ్మలో ఎనకాల తిరుగుతన్న గ్రహం ఆగిపోనాది. బొమ్మ గ్రహమే గదా అనుకున్నాం, తీరా బయటికొచ్చి సూస్తే పొద్దు ఉన్నకాడే ఉన్నాది. హైదరాబాదులో ఆ దినం మద్దినేళ రెట్టింపు. పై దేశం కంపెనీ ఓలు ఫోను సేసేరు. అన్ని బాసల్లోనూ ఆ అన్న బొమ్మ మన యాసలో మాటాడీస్తన్నాడట. జపాను గుంటలందరూ బడి మానీసి ఏడుస్తన్నారట, సెల్లీ సెల్లీ అనీసి. ఆకాశంలో ఉపగ్రహం నా గొంతు ఇనడానికి కిందకి దిగొస్తంటే, పడిపోతావే, ఎనక్కెల్లు అని నానే సెప్పేను. ఎల్లింది. అంత కేక ఏసేనురా ఆ దినం. ఆ పిల్ల నా బుజం మీద తల ఎట్టి, అన్నా నీ మీద కోపం నేదు అంది."

ఆ మాట దగ్గర ఆగి ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. మేమెవరం నవ్వలేదు. నవ్వవలసిందేమో.

గోపి గ్లాసు కింద పెట్టాడు. "మావా, నాను హైదరాబాదులో అలాటి సోటే రెండేళ్లు వైరింగు సేసేను. అక్కడ ఎవుల్నీ ఎదరెదర నిలబెట్టరు. ఒక్కొక్కల్నే గదిలో ఎట్టి మాట తీసుకుంటారు. అన్న మాట సెప్పిన దినం సెల్లి మాట సెప్పే మనిషి ఆ ఊళ్లో కూడా ఉండక్కర్లేదు. తరవాత మిషన్లో అతికిస్తారు. నీ ఎదర ఎవులూ నేరు."

బావ పొయ్యి వైపు చూశాడు. వాదిస్తాడనుకున్నాం. బకెట్ల లెక్క ఐదు చేస్తాడనుకున్నాం.

"నేరు," అన్నాడు. "మైకు పట్టిందో నేదో సూడ్డానికి కాయితంలో ఏదో ముక్క సదవమన్నారు. ఆ అన్న మాటే తగిలింది. సదివేను. సాలు, బయటికెల్లమన్నారు. ఎవులూ లేనప్పుడు బానే వచ్చింది మాట."

లక్ష్మీనరసమ్మ అతనికి ఇంకో టీ పోసింది. తాగలేదు. బండి కూత వినబడగానే లేచాడు. సామాను ఉంటుందని నేనూ వెనకాలే వెళ్లాను.

షీబా ఒక్క సంచితోనే దిగింది. జుట్టు సగం నెరిసింది. అన్నని చూసి ఆగింది. బండి కదిలి వెళ్లిపోయేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

"అన్నా," అంది షీబా, "అమ్మకి ఆకర్న ఏ సీర కట్టేరు?"

గ్రహాన్ని ఆపిన మనిషికి ఒక చీర రంగు కల్పించడం ఎంతసేపు? నీలమో పచ్చో ఏదో చెప్పేస్తాడు, ఆ పిల్ల నమ్మేస్తుంది, గొడవ తీరిపోతుంది అని నేను మనసులో కోరుకున్నాను కూడా.

"తెలీదమ్మా," అన్నాడు. "ఆ దినం వానా నేదు, పాస్టరుగారికి తొందరా నేదు. అమ్మ మొకం నానూ సూడనేదు. సూడలేకే పెట్టి మూయించీసేను."

ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యింది. షీబా భుజానికున్న సంచి తీసి అతని చేతికిచ్చింది.