ఇట్టో పేరున్న పాట

అట్లాస్ కొండల్లోని ఆ ఊళ్ళో పిన్ని గుమ్మం ముందు కూర్చుని ఉన్ని దువ్వుతోంది. పట్నం నుంచి వచ్చిన అక్క కొడుకు, పాట ముక్కల్ని మళ్ళీ మళ్ళీ వాయించే సాంప్లర్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, మీట నొక్కి, తాను చేసిన పాట వినిపించాడు.

“ఇది నా గొంతే కదరా.”

“నీదే పిన్నీ. మన చెల్లి ఇట్టో పెళ్ళి గోరింటాకు నాడు నువ్వు పాడింది. ఒక్క ముక్క కోసి, కింద డప్పు వేశాను. పట్నంలో అందరూ వింటున్నారు.”

“నేనూ విన్నాను. మంగళవారం సంతకి పోదామని ఇట్టో బండెక్కగానే, బండి తోలే హమ్మూ తన ఫోన్లో అదే పెట్టాడు. బండంతా నవ్వింది.”

అతను మీట మీంచి వేలు తీశాడు.

“పెళ్ళికూతురి పాట ఆమె పేరుతో ఆ ఒక్కనాడే పాడతాం. కాపురం చెడి మన ఇట్టోలా తిరిగొచ్చిందంటే ఆ పాట మళ్ళీ ఎవరూ ఎత్తరు. నీకు తెలీదా?”

“తెలుసు.”

“మరి?”

“ఆ పేరు డప్పు దెబ్బకి బాగా కుదిరింది పిన్నీ. తీసేస్తే పాట నిలబడలేదు.”

“‘లే ఇట్టో, గుర్రం వచ్చింది’ అని నాచేత ఎన్నిసార్లు అనిపించావు?”

“నలభైసార్లు.”

“ఒక్కసారి అని కన్నకూతుర్ని పంపడానికే ఆనాడు నాకు మనసొప్పలేదు.”

“ఇవాళే తీసేస్తాను.”

“హమ్మూ ఫోన్లోంచి కూడా తీస్తావా?”

అతను తల వంచుకుని పెట్టెను సంచీలో పెట్టాడు.

“వెళ్ళొస్తాను పిన్నీ.”

“కూర్చో. నీ గొంతు విని ఇట్టో లోపల టీ పెట్టింది. తాగకుండా పోతే ఊరు ఆ తప్పు కూడా దాని మీదే వేస్తుంది.”